గ్రిడ్‌లోకి రావాలంటే... పరీక్ష పాసవ్వాల్సిందే!

కొత్త విద్యుత్కేంద్రం వస్తోందంటే ఎన్ని మెగావాట్లు, ఎన్ని కోట్లు, ఎందరికి ఉద్యోగాలు... అని అడుగుతాం మనం. గ్రిడ్‌ని నడిపేవాళ్లు అడిగే ప్రశ్న వేరు. 'ఎక్కడో పిడుగుపడి తీగ తెగిన క్షణంలో నువ్వేం చేస్తావ్?' అని. ఆ ఒక్క ప్రశ్నకు ముందే సరైన జవాబు రాబట్టకపోవడం వల్ల కొన్నిచోట్ల లక్షలమంది చీకట్లో కూర్చోవాల్సి వచ్చింది. ఆ దెబ్బలు తిన్నాకే నిబంధనలు మారాయి. మనదేశంలోనూ మారుతున్నాయి.

పొలాల్లో బోర్లున్న ఊళ్లలో ఈ తగాదా కొత్తేం కాదు. ఒక ట్రాన్స్‌ఫార్మర్ మీద ఆరు మోటార్లు బాగానే నడుస్తుంటాయి. ఏడో రైతు డీడీ కట్టి కనెక్షన్ తెచ్చుకుంటాడు. అతను స్టార్టర్ నొక్కగానే మిగతా ఆరు మోటార్లూ మూలగడం మొదలవుతుంది. వోల్టేజీ పడిపోతుంది. పదిరోజులు తిరక్కుండా ఎవరిదో ఒకరి మోటారు కాలిపోతుంది. 'కొత్త కనెక్షన్ ఇచ్చేముందు ఈ ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకుంటుందో లేదో చూసుకోవద్దా?' అంటూ అందరూ కలిసి లైన్‌మన్ మీద పడతారు.

సరిగ్గా ఇదే ప్రశ్న ఇప్పుడు దేశదేశాల్లో వందల, వేల మెగావాట్ల స్థాయిలో వినిపిస్తోంది. కాకపోతే అక్కడ ఆ ఏడో రైతు స్థానంలో ఉన్నది కరెంటు వాడుకునేవాడు కాదు, తయారుచేసేవాడు! కరెంటు ఇచ్చేవాడు వస్తే మంచిదేగా, ఇబ్బందేముంటుంది అనిపిస్తుంది ఎవరికైనా. ఉంటుంది. అందుకే థర్మల్ అయినా సౌర విద్యుత్తు అయినా, పెద్ద కేంద్రం ఏదైనా సరే గ్రిడ్‌కి తీగ కలిపేముందు ఓ అధ్యయనం జరగాలి. అది వచ్చాక ఏ లైను మీద ఎంత భారం పడుతుంది? ఏ సబ్‌స్టేషన్‌లో వోల్టేజీ ఎంత మారుతుంది? షార్ట్ సర్క్యూట్ అయితే ఆ ప్రవాహాన్ని తెంచే సత్తా అక్కడి బ్రేకర్లకు ఉందా? ఇవన్నీ ముందే కంప్యూటర్లో లెక్కగట్టి చూడాలి. మరి ఆ లెక్కలు ఎవరు వేయాలి, ఎన్నాళ్లలో తేల్చాలి, కొత్త లైను అవసరమైతే ఆ ఖర్చు ఎవరి నెత్తిన వేయాలి, కేంద్రం యజమాని చెప్పిన మాటను ఎంతవరకు నమ్మాలి... విద్యుత్ నియంత్రణ సంస్థలు రెండు దశాబ్దాలకు పైగా కుస్తీ పడుతున్నది వీటితోనే.

రథం... మోకు... రాయి

గ్రిడ్ సంగతి అర్థం కావాలంటే ఊరి రథోత్సవాన్ని గుర్తుచేసుకుంటే చాలు. వందలమంది మోకు పట్టుకుని లాగుతుంటారు. అందరూ ఒకే ఊపులో లాగితేనే రథం సాఫీగా కదులుతుంది. మనదేశంలోని విద్యుత్కేంద్రాలన్నీ అలాగే కలిసి లాగుతుంటాయి. వాటన్నిటిదీ ఒకటే లయ- సెకనుకు 50 ఆవృత్తాలు. దాన్నే 50 హెర్ట్జ్ అంటారు. అటూ ఇటూ జరగడానికి మన నిబంధనలు ఇచ్చే వెసులుబాటు చాలా తక్కువ... 49.90 నుంచి 50.05 వరకు. లాగేవాళ్లు తగ్గితే లయ పడిపోతుంది, మరీ ఎక్కువైతే పెరిగిపోతుంది.

రథచక్రం కింద ఓ రాయి పడిందనుకోండి. ఒక్క కుదుపు వస్తుంది. ఆ కుదుపులో పట్టు వదలనివాళ్లే రథాన్ని నిలబెడతారు. పదిమంది హడలిపోయి మోకు వదిలేస్తే ఆ బరువంతా పక్కవాళ్ల మీద పడుతుంది. చేతులు కోసుకుపోయి వాళ్లూ వదిలేస్తారు. గ్రిడ్ విషయంలో ఆ రాయి- ఓ పిడుగు, తీగల మీద విరిగిపడిన కొమ్మ, పగిలిన పింగాణీ ఇన్సులేటర్. అలాంటప్పుడు ఆ చుట్టుపక్కల వోల్టేజీ సెకనులో పదోవంతు సేపు కుప్పకూలి, మళ్లీ లేస్తుంది. మన ఇంట్లో ట్యూబులైటు ఒకసారి కొట్టుకుని మామూలైపోతుందే, అదన్నమాట.

బొగ్గు, గ్యాస్, జలవిద్యుత్ కేంద్రాల్లో టన్నులకొద్దీ బరువుండే యంత్రాలు గిరగిరా తిరుగుతుంటాయి. ఆ బరువుకున్న ఊపే చిన్నచిన్న కుదుపుల్ని మింగేస్తుంది. సౌరఫలకానికి తిరిగే భాగమే లేదు. అది ఇచ్చే కరెంటు ఇన్వర్టర్ ద్వారా గ్రిడ్‌లోకి వస్తుంది. నేటి గాలిమరలకు రెక్కలున్నా చాలావాటిలో వాటికీ గ్రిడ్‌కీ మధ్య ఎలక్ట్రానిక్ పరికరాలు ఉంటాయి. అంటే, కుదుపు వచ్చినప్పుడు ఏంచేయాలన్నది బరువు మీదా వేగం మీదా కాదు, ఎవరో ఓ ఇంజినీరు రాసిన సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడి ఉంటుంది. పట్టుకోమని రాస్తే పట్టుకుంటుంది, వదిలెయ్ అని రాస్తే వదిలేస్తుంది! ఆ రాత గ్రిడ్‌వాళ్లకు ముందుగా తెలిసి తీరాలి. తెలియకపోతే ఏమవుతుందో దక్షిణ ఆస్ట్రేలియా కళ్లారా చూసింది.

ఏడు సెకన్లలో తారుమారు

2016 సెప్టెంబరు 28. అడిలైడ్ రాజధానిగా ఉన్న దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రంలో ఆ మధ్యాహ్నం భీకరమైన తుపాను. సుడిగాలుల ధాటికి 275 కిలోవోల్టుల లైన్ల టవర్లు 20కి పైగా నేలకూలాయి. ఆ సమయంలో రాష్ట్రం వాడుతున్న కరెంటు 1826 మెగావాట్లు. అందులో 883 మెగావాట్లు గాలిమరలవే. మిగతాది కొంత గ్యాస్ కేంద్రాలది, కొంత పక్క రాష్ట్రం నుంచి వస్తున్నది.

తీగలు తెగుతుంటే రెండు నిమిషాల వ్యవధిలో ఆరుసార్లు వోల్టేజీ కుప్పకూలి లేచింది. మొదటి కుదుపులకు గాలిమరలు చక్కగా తట్టుకున్నాయి. ఆ తర్వాత ఒక్కసారిగా తొమ్మిది పవన విద్యుత్కేంద్రాలు ఉత్పత్తిని తగ్గించేశాయి. ఏడు సెకన్లయినా గడవకముందే 456 మెగావాట్లు మాయం! ఆ లోటంతా పక్క రాష్ట్రమైన విక్టోరియా నుంచి వచ్చే లైను మీద పడింది. అది మోయలేక తనంతట తానే తెగిపోయింది. సాయంత్రం 4 గంటల 18 నిమిషాలకు రాష్ట్రం మొత్తం చీకటి. దాదాపు ఎనిమిదిన్నర లక్షల కనెక్షన్లకు సరఫరా ఆగిపోయింది. సిగ్నళ్లు ఆరిపోయి, రోడ్లమీద కార్లు బారులుతీరి, జనం వానలో ఇళ్లకు చేరేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

మరలు చెడిపోయాయా అంటే, లేదు. గాలి లేదా అంటే, అదీ కాదు. తర్వాత విచారణలో తేలిందేమిటంటే, ఆ మరల్లో ఒక అమరిక ఉంది. 'కొద్ది సమయంలో ఇన్నిసార్లకు మించి కుదుపులు వస్తే వెనక్కి తగ్గిపో' అని. యంత్రం పాడవకుండా తయారీదారు పెట్టుకున్న జాగ్రత్త అది. దాన్ని తప్పుపట్టలేం. కానీ ఆ దేశపు విద్యుత్ మార్కెట్‌ని, గ్రిడ్‌ని నడిపే సంస్థకు అలాంటి అమరిక ఒకటుందనే తెలియదు! కేంద్రాలు పెట్టేటప్పుడు యజమానులు ఇచ్చిన కంప్యూటర్ నమూనాల్లో ఆ సంగతి లేదు. అంటే ఏళ్లతరబడి గ్రిడ్ కంప్యూటర్లలో ఉన్న గాలిమరలు వేరు, కొండల మీద తిరుగుతున్న గాలిమరలు వేరు.

ఆ తర్వాత అక్కడ పెద్ద రాజకీయ రగడే జరిగింది. తప్పంతా గాలిమరలదే అని ఓ వర్గం, తుపానుదే అని మరో వర్గం కొట్టుకున్నాయి. నిజానికి రెండూ సగమే నిజం. అమరిక మార్చడానికి కొత్త యంత్రాలేమీ అక్కర్లేకపోయింది. కొద్ది వారాల్లోనే చాలా కేంద్రాలు ఆ అంకెల్ని సరిచేసుకున్నాయి. కోట్ల నష్టానికి కారణమైంది చివరికి సాఫ్ట్‌వేర్లో ఉన్న ఓ చిన్న అంకె!

అక్కడి నియంత్రణ సంస్థ మాత్రం ఊరుకోలేదు. 2019లో కొందరు పవన విద్యుత్కేంద్రాల యజమానుల మీద కోర్టుకు వెళ్లింది. వాళ్లకు జరిమానాలు పడ్డాయి. నిబంధనలూ మారాయి. 2017లో తెచ్చిన ఓ నిబంధన సారాంశం ఒకే మాట... 'హాని చేయొద్దు'. కొత్త కేంద్రం రావడంవల్ల ఆ ప్రాంతంలో గ్రిడ్ బలం తగ్గుతుందని తేలితే ఆ లోటును యజమానే సొంత ఖర్చుతో పూడ్చాలి. వినడానికి బాగుంది. ఆచరణలో మాత్రం ఎవరికివారే విడివిడిగా యంత్రాలు కొనుక్కోవాల్సి వచ్చింది. పెళ్లిపందిట్లో ప్రతి కుటుంబమూ సొంత జనరేటర్ తెచ్చుకున్నట్లు! దాంతో 2021లో పద్ధతి మార్చారు. గ్రిడ్ సంస్థలే ముందుచూపుతో బలాన్ని సమకూరుస్తాయి, వచ్చే కేంద్రాలు రుసుము చెల్లిస్తాయి. అప్పటికే దక్షిణ ఆస్ట్రేలియాలో నాలుగు భారీ సింక్రనస్ కండెన్సర్లు పెట్టారు. ఇవి విద్యుత్తును పుట్టించవు. ఊరికే తిరుగుతూ గ్రిడ్‌కి 'బరువు'నిస్తాయంతే. బొగ్గు కేంద్రాలు ఇన్నాళ్లూ ఉచితంగా ఇచ్చిన సేవకు ఇప్పుడు ధర కట్టాల్సి వచ్చిందన్నమాట.

'నేను బాగానే ఉన్నా' అంటే చాలదు

బ్రిటన్ కథ ఇంకో రకం. 2019 ఆగస్టు 9, సాయంత్రం 4.52. లండన్‌కి ఉత్తరాన ఓ లైను మీద పిడుగు పడింది. పిడుగులు అక్కడ కొత్తకాదు. బ్రేకర్లు పనిచేశాయి, లైను కొద్దిసేపట్లోనే మళ్లీ కలిసింది. అంతా సవ్యంగా జరగాల్సిందే. కానీ ఆ కుదుపుకు సముద్రంలో ఉన్న హార్న్‌సీ పవన విద్యుత్కేంద్రం ఉత్పత్తి 799 మెగావాట్ల నుంచి 62కి పడిపోయింది. దాదాపు అదే క్షణంలో లిటిల్ బార్‌ఫోర్డ్ గ్యాస్ కేంద్రంలో ఓ యూనిట్ ఆగి మరో 244 మెగావాట్లు పోయాయి. ఇళ్లమీదా పొలాల్లోనూ ఉన్న చిన్నచిన్న ఉత్పత్తి యూనిట్లు కూడా వందల మెగావాట్ల మేర తప్పుకున్నాయి. ఫ్రీక్వెన్సీ 48.8కి దిగజారింది. గ్రిడ్‌ని కాపాడటానికి 10 లక్షలమందికి పైగా వినియోగదారులకు కరెంటు కోసేశారు.

ముప్పావుగంటలో సరఫరా వచ్చేసింది. రైళ్లు మాత్రం కదల్లేదు! ఓ కొత్తరకం రైళ్లు ఫ్రీక్వెన్సీ పడిపోగానే ఆగిపోయాయి. వాటిలో కొన్ని మళ్లీ కదలాలంటే టెక్నీషియన్ ల్యాప్‌టాప్ పట్టుకుని రైలు దగ్గరికే వెళ్లాల్సి వచ్చింది. శుక్రవారం సాయంత్రం ఇంటికి బయల్దేరిన జనం గంటలతరబడి బోగీల్లోనే చిక్కుకుపోయారు.

గాలిమరల నియంత్రణ సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉందని తర్వాత తేలింది. దాన్ని సరిదిద్దారు. రెండు కేంద్రాల యజమానులూ చెరో 45 లక్షల పౌండ్లు పరిహార నిధికి చెల్లించారు. అసలు చర్చ మాత్రం వేరేచోట మొదలైంది. కేంద్రం నిబంధనల ప్రకారం ఉందో లేదో చూసే పరీక్షలు ఎంత గట్టిగా జరుగుతున్నాయి అని అక్కడి నియంత్రణ సంస్థ ప్రశ్నించింది. పరీక్ష రాసేవాడే పేపరు దిద్దుకుని మార్కులు వేసుకుంటే ఎలా ఉంటుందో, యజమాని ఇచ్చిన పత్రం చూసి 'సరే' అనేయడమూ అలాగే ఉంటుంది మరి.

సీటుకు రుమాలు వేసినట్టు...

అధ్యయనం గట్టిగా చేయాలంటే సమయం పడుతుంది. సమయం పడితే క్యూ పెరుగుతుంది. దీనికి అమెరికాయే ఉదాహరణ. 2003లో అక్కడి ఫెడరల్ నియంత్రణ సంస్థ దేశమంతటా ఒకే పద్ధతి పెట్టింది- ముందొచ్చినవాళ్లకు ముందు అధ్యయనం. న్యాయంగానే ఉంది. కానీ దరఖాస్తులు ఇంత వెల్లువెత్తని రోజుల్లో పెట్టిన పద్ధతి అది. సౌర, పవన కేంద్రాలు వందల్లో దరఖాస్తులు పెట్టేసరికి చిక్కొచ్చిపడింది. మన బస్టాండుల్లో కిటికీలోంచి సీటు మీద రుమాలు వేస్తారే... అలా భూమి లేకుండా, డబ్బు లేకుండా నాలుగైదు చోట్ల దరఖాస్తులు పడేసినవాళ్లు తయారయ్యారు. ముందున్నవాడు హఠాత్తుగా తప్పుకుంటే వెనకున్నవాళ్లందరి లెక్కలూ మళ్లీ మొదటికి! 2022 చివరికి 10 వేలకు పైగా దరఖాస్తులు, 2000 గిగావాట్లకు మించిన సామర్థ్యం క్యూలో నిలిచింది. అమెరికాలో అప్పటికి ఉన్న మొత్తం విద్యుత్కేంద్రాల సామర్థ్యం కన్నా అది ఎక్కువ.

2023 జులైలో ఆ సంస్థ పద్ధతి తిరగరాసింది. 'ముందొచ్చినవాడికి' బదులు 'ముందు సిద్ధమైనవాడికి' అంది. ఒక్కొక్కర్నీ కాకుండా ఒక ప్రాంతంలోని కేంద్రాలన్నిటినీ గుంపుగా అధ్యయనం చేయాలి. డిపాజిట్ కట్టాలి, భూమి చూపించాలి. గడువులోగా అధ్యయనం పూర్తిచేయకపోతే లైన్ల సంస్థకే జరిమానా. వీటితోపాటు ఇన్వర్టర్లతో పనిచేసే కేంద్రాలు తమ అసలు ప్రవర్తన తెలిపే నమూనాలు ఇవ్వాలని, కుదుపుల్లో పట్టు వదలకూడదని కూడా చేర్చింది. దానికీ ఓ కారణం ఉంది. 2016 ఆగస్టులో దక్షిణ కాలిఫోర్నియాలో కార్చిచ్చు పొగకు లైన్లు దెబ్బతిన్నప్పుడు సుమారు 1200 మెగావాట్ల సౌర విద్యుత్తు ఆగిపోయింది. ఫ్రీక్వెన్సీ నిజంగా పడిపోలేదు. క్షణకాలపు కుదుపును చూసి పడిపోయిందని కొన్ని ఇన్వర్టర్లు తప్పుగా లెక్కేసుకున్నాయంతే!

రాజస్థాన్‌లో కుదిపితే...

మరి మన సంగతి? 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య భారతాలు చీకటైపోయి, రెండోరోజు 60 కోట్లమందికి పైగా ఇబ్బందిపడినప్పుడు మన తెలుగునాట లైట్లు ఆరలేదు. కారణం- అప్పటికి దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో ఒకే లయలో కలిసిలేదు. 2013 డిసెంబరు 31న రాయచూర్- షోలాపూర్ 765 కిలోవోల్టుల లైను వచ్చాక దేశమంతా ఒకటే గ్రిడ్ అయింది. కరెంటు కొరత ఉన్నప్పుడు ఉత్తరాది నుంచి తెచ్చుకునే వీలు కలిగింది. అదే సమయంలో అక్కడి కుదుపులో మనకూ వాటా వచ్చింది. ఇప్పుడు జైసల్మేర్ ఎడారిలో వెయ్యి మెగావాట్లు ఆగితే గుంటూరులోనూ ఫ్రీక్వెన్సీ కదులుతుంది.

అలా ఆగుతున్నాయి కూడా. సౌర విద్యుత్కేంద్రాలు కిక్కిరిసి ఉన్న పశ్చిమ రాజస్థాన్‌లో 2022 నుంచి ఒక లైనులో వచ్చిన కుదుపుకే వెయ్యి మెగావాట్లకు మించి ఉత్పత్తి ఒక్కసారిగా పడిపోయిన ఘటనలు పలుమార్లు నమోదయ్యాయి. వెయ్యి మెగావాట్లంటే తక్కువా? ఉమ్మడి కర్నూలు జిల్లాలో గని, శకునాల ప్రాంతంలో వేల ఎకరాల్లో పరచుకుని ఉన్న సోలార్ పార్కు సామర్థ్యం మొత్తం అంత!

నిబంధనలు లేక కాదు. 2003 విద్యుత్ చట్టం కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2007లోనే గ్రిడ్ అనుసంధాన ప్రమాణాలు తెచ్చింది. అప్పటికి సౌర విద్యుత్తు ఊసే తక్కువ. గాలిమరలూ సౌరఫలకాలూ ఎలా నడుచుకోవాలన్నది 2013 సవరణలో, ఆ తర్వాత మరింత గట్టిగా 2019 సవరణలో చేర్చారు. వాటి ప్రకారం కేంద్రం గ్రిడ్‌ని కలిసేచోట వోల్టేజీ మామూలులో 15 శాతానికి పడిపోయినా 0.3 సెకన్లపాటు పట్టు వదలకూడదు. రెప్పపాటు అన్నమాట! వోల్టేజీ హఠాత్తుగా పెరిగినా అంతే, మామూలుకన్నా 20 శాతం ఎక్కువైనా రెండు సెకన్లపాటు నిలబడాలి. రాజస్థాన్‌లో చాలా కేంద్రాలు తడబడింది ఈ రెండుచోట్లే. ముందు వోల్టేజీ పడిపోగానే కొన్ని తప్పుకున్నాయి. అన్ని మెగావాట్లు ఒక్కసారిగా తగ్గేసరికి లైన్ల మీద భారం తగ్గి వోల్టేజీ పైకి ఎగిసింది. దాంతో మరికొన్ని తప్పుకున్నాయి.

కాగితం మీద అన్నీ సరిపోయిన కేంద్రం క్షేత్రంలో తడబడితే తప్పెవరిది? అందుకే ఇప్పుడు తనిఖీ రెండు అంచెల్లో గట్టిపడింది. మొదటిది దరఖాస్తు దశ. అంతర్రాష్ట్ర గ్రిడ్‌కి కలవాలనుకునే కేంద్రం సెంట్రల్ ట్రాన్స్‌మిషన్ యుటిలిటీకి దరఖాస్తు చేయాలి. సామర్థ్యం సాధారణంగా 50 మెగావాట్లయినా ఉండాలి. ఆ సంస్థ లెక్కలు వేసి ఏ సబ్‌స్టేషన్‌లో చోటుంది, ఏం బలోపేతం చేయాలి అన్నది తేలుస్తుంది. కేంద్ర విద్యుత్ నియంత్రణ సంఘం 2022లో తెచ్చిన నిబంధనలు ఇక్కడా రుమాలు బేరగాళ్లకు చెక్ పెట్టాయి. దరఖాస్తు రుసుము రూ.5 లక్షలు, బ్యాంకు గ్యారంటీ రూ.50 లక్షలు, ఆపైన మెగావాట్‌కు రూ.2 లక్షల చొప్పున మరో గ్యారంటీ. కరెంటు కొనే ఒప్పందమో, అవసరమైన భూమిలో సగానికి పత్రాలో చూపించాలి. భూమి లేకపోతే మెగావాట్‌కు రూ.10 లక్షల గ్యారంటీ ఇవ్వాలి. 300 మెగావాట్ల కేంద్రమైతే ఆ ఒక్క పద్దు కిందే రూ.30 కోట్లు! ఉత్తుత్తి దరఖాస్తుదారులు తప్పుకుంటారని ఆశ. చిన్న కంపెనీలకు ఇది భారమన్న మాటలోనూ నిజం లేకపోలేదు. అంతకన్నా చిన్న కేంద్రాలు రాష్ట్ర ట్రాన్స్‌కో పరిధిలోకి వస్తాయి.

రెండో అంచె స్విచ్ వేసే ముందు. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త గ్రిడ్ కోడ్ ప్రకారం కేంద్రాన్ని మొదటిసారి గ్రిడ్‌కి కలిపేముందు పత్రాలు, నమూనాలు లోడ్ డిస్పాచ్ సెంటర్‌కి చేరాలి. దక్షిణాదికి అది బెంగళూరులో ఉంది. ట్రయల్ రన్‌లో సామర్థ్యాలు నిరూపించుకోవాలి. కొన్ని పరీక్షలు అయిదేళ్లకోసారి మళ్లీ చేసి చూపించాలి.

అయినా ఓ చిక్కు మిగిలే ఉంది. కారు బ్రేకుల్ని రోడ్డుమీద తొక్కి చూడొచ్చు. నిజం పిడుగును మాత్రం పరీక్ష కోసం పిలిపించలేం! ఎంత గట్టి తనిఖీ అయినా చివరికి ఆధారపడేది కంప్యూటర్ నమూనా మీదే. ఆ నమూనా ఇచ్చేది ఇన్వర్టర్ తయారుచేసిన కంపెనీ. ఏడాది తర్వాత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వస్తే పాత నమూనా చిత్తుకాగితమే. అందుకే నిజంగా కుదుపు వచ్చిన ప్రతిసారీ కేంద్రంలోని రికార్డర్లలో నమోదైన వివరాలు తెప్పించుకుని, నమూనా చెప్పినదాంతో సరిపోల్చి చూడటమే అసలైన పరీక్ష. ఈ పని ఎంత శ్రద్ధగా జరిగితే మిగతా నిబంధనలకు అంత విలువ.

ఎక్కువైనా కష్టమే

కుదుపు ఎప్పుడూ పిడుగు రూపంలోనే రానక్కర్లేదని 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాలకు తెలిసొచ్చింది. తుపాను లేదు, తీగ తెగలేదు. చక్కటి ఎండ. మధ్యాహ్నం 12.33కి రెండు దేశాలూ చీకటయ్యాయి. దాదాపు 6 కోట్లమంది ఉండే ప్రాంతం అది. వోల్టేజీ అదుపుతప్పి పెరిగిపోవడం, దానికి ఒకదాని తర్వాత ఒకటిగా కేంద్రాలు తప్పుకోవడమే కారణమని విచారణలో తేలింది. వోల్టేజీ పెరుగుతుంటే దాన్ని కిందికి లాగే సామర్థ్యం సౌర, పవన కేంద్రాలకు ఉంది. కానీ ఆ బాధ్యతను అక్కడి నిబంధనలు వాటికి అప్పగించలేదు. బాధ్యత ఉన్న సంప్రదాయ కేంద్రాల్లో కొన్ని తమ వంతు పని పూర్తిగా చేయలేదు. కొత్త కేంద్రాలూ వోల్టేజీని అదుపుచేసేలా నిబంధన మార్చాలన్న ప్రతిపాదన ఏళ్లుగా నలుగుతూ వచ్చి, చీకటి పడిన రెండు నెలల్లోపే ఆమోదం పొందింది!

ఇంటిమీది ఫలకాలూ లెక్కలోకే

ఇదంతా పెద్ద కేంద్రాల గొడవ, మనకెందుకు అనుకోవడానికి లేదు. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద కోటి ఇళ్లమీద సౌరఫలకాలు పెట్టించాలన్నది 2024లో కేంద్రం పెట్టుకున్న లక్ష్యం. వాటిని పెట్టించుకున్నవాళ్లలో చాలామందికి ఓ అనుమానం వస్తుంది... మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా, వీధిలో కరెంటు పోగానే ఇంటిమీది సోలార్ కూడా ఎందుకు ఆగిపోతుంది అని. కావాలనే అలా పెట్టారు. లేదంటే లైను ఆఫ్ అయిందనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కి మన ఇంటి నుంచి వెళ్లే కరెంటు తగులుతుంది.

అంటే ఇంటిమీది ఇన్వర్టర్‌లోనూ 'ఎప్పుడు వదిలెయ్యాలి' అన్న అంకె ఒకటి ఉంటుంది. జర్మనీ దెబ్బతినబోయింది అక్కడే. ఫ్రీక్వెన్సీ 50.2 దాటితే ఇళ్లమీది సోలార్ యూనిట్లన్నీ తక్షణం ఆగిపోవాలని అక్కడ ఒకప్పుడు నిబంధన ఉండేది. ఊరికి నాలుగు ఇళ్లమీద ఫలకాలున్న రోజుల్లో రాసింది. చూస్తుండగానే అవి లక్షలయ్యాయి. ఓ ఎండకాసే మధ్యాహ్నం ఫ్రీక్వెన్సీ 50.2 తాకితే వేల మెగావాట్లు ఒకే క్షణంలో మాయమయ్యే పరిస్థితి. ఐరోపా ఖండం మొత్తానికి అలాంటి ఆపదకోసం అట్టిపెట్టుకున్న నిల్వ 3000 మెగావాట్లే. నిబంధనను అందరూ తు.చ. తప్పకుండా పాటిస్తే గ్రిడ్ కూలిపోతుందన్నమాట!

అదృష్టవశాత్తూ ప్రమాదం జరగకముందే ఎవరో లెక్కేసి చూశారు. 2012లో జర్మనీ ప్రత్యేక ఉత్తర్వు తెచ్చింది. అన్నీ ఒకే అంకె దగ్గర ఆగకుండా, ఒక్కొక్కటీ ఒక్కోచోట లేదా మెల్లగా తగ్గేలా మార్చాలంది. టెక్నీషియన్లు మూడు లక్షలకు పైగా యూనిట్ల దగ్గరికి ఒక్కొక్కటిగా వెళ్లి అమరికలు మార్చాల్సి వచ్చింది. ఆ ఖర్చు చివరికి చేరింది వినియోగదారుల కరెంటు బిల్లుల్లోకే.